ఫోన్ మోగినప్పుడల్లా

మార్చి 8, శనివారం

పురుగుమందుల షాపు వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగునా మిరపతోటను పాడుచేసే పురుగు బొమ్మ ఒకటి ఉంది. అందుకే ఇన్నాళ్లూ తెరవబుద్ధి కాలేదు. ఈరోజు రాయక తప్పడం లేదు. బోనకల్ అంతా నా గురించి ఒక అబద్ధం చెప్పుకుంటోంది. నిజం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

మహిళా దినోత్సవం మీటింగుకి ఖమ్మం నుంచి బసవపున్నయ్య అని ఒకాయన వచ్చాడు. హిప్నాటిజం చేస్తాడట. ఎవరైనా స్టేజీ మీదికి రండి అన్నాడు. నా తోటికోడలు తిరపతమ్మ కుర్చీలోంచి సగం లేచింది. నేను పూర్తిగా లేచాను. మా మరిది పెళ్లయిన దగ్గర్నుంచీ, అంటే ముప్పై రెండేళ్లుగా, ఆమె కంటే ముందు లేవడం నాకు అలవాటు.

తన బొటనవేలు చూడమన్నాడు. చూశాను. కళ్లు బరువెక్కుతున్నాయి అన్నాడు. బరువూ లేదు, గిరువూ లేదు. కానీ అరవై ఒక్కేళ్లదాన్ని, సభా మర్యాద తెలిసినదాన్ని. పాపం అంత దూరం నుంచి వచ్చాడు, మూసుకుంటే మన సొమ్మేం పోయిందని మూసుకున్నాను. అప్పుడాయన, "పద్మావతమ్మ గారూ, మీరు కళ్లు తెరిచాక ఎక్కడ ఫోన్ మోగినా సరే, మీ చేతిలో ఏముంటే అది పక్కనున్న వాళ్లకిచ్చేసి 'తీస్కో, నీదే' అంటారు" అన్నాడు. అక్షరం పొల్లుపోకుండా విన్నాను. మాయలో పడ్డ మనిషికి ఇంత స్పష్టంగా వినిపిస్తుందా?

కిందికి దిగి కూర్చున్నానో లేదో ఎవరిదో ఫోన్ మోగింది. నా హ్యాండ్‌బ్యాగు పక్కనున్న సరళ ఒళ్లో పెట్టి "తీస్కో, నీదే" అన్నాను. హాలంతా చప్పట్లు. ఆ గోలలో ఆయన నా దగ్గరికొచ్చి ఇంకా ఏదో అని చిటికె వేశాడు గానీ ఎవరికి వినబడింది?

బ్యాగు ఇవ్వడానికి కారణం వేరు. దాని పట్టీ నా కుడి భుజాన్ని ఒరుస్తోంది. కాసేపు ఎవరైనా పట్టుకుంటే బాగుండనిపించింది. సరళ తండాలో అంగన్‌వాడీ టీచరు, మా తలంబ్రాల జట్టులో పిల్ల. వెంటనే తిరిగిచ్చేసింది కూడా. "మీదే పెద్దమ్మా. జిప్పు ఊడొచ్చింది, చూసుకోండ్రి" అంది. ఇందులో హిప్నాటిజం ఎక్కడుంది?

మార్చి 9, ఆదివారం

పాలుపోసే రూప్లాకి పండుమిరప పచ్చడి ఇచ్చాను. జాడీతో సహా.

పచ్చడి ఎండ తగిలించడానికి జాడీ తీసుకుని వాకిట్లోకి వస్తున్నాను. లోపల మా వారి ఫోన్ మోగింది. రూప్లా ఎదురుగా ఉన్నాడు. "తీస్కో, నీదే" అన్నాను. "జాడీ గూడనా అమ్మా?" అన్నాడు. "అవ్, జాడీ గూడ" అన్నాను. ఇంకో ఫోన్ వచ్చేలోపే బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు. మనిషి ఈ మధ్య బాగా చిక్కిపోయాడు. అందుకే ఇచ్చాను.

"ఫోన్ మోగింది కదూ?" అన్నారు మా వారు పేపరు వెనకనుంచి.

"మోగితే?"

"ఏం లేదు. ఎవరో రాంగ్ నంబర్."

పేపరు ఊగుతోంది. వెంకటరామారావు గారు నవ్వితే శబ్దం రాదు, పేపరు ఊగుతుంది.

మార్చి 11, మంగళవారం

కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కోటేష్‌కి సగం చెక్కు తీసిన సొరకాయ ఇచ్చాను. రూములో ఒక్కడే వండుకుంటాడట. దాన్ని దయ అంటారు. కిరాణా కొట్టు దగ్గర ఎవరో మధిర ఆవిడకు గొడుగిచ్చాను. ఎండకు కళ్లు తిరిగేలా ఉంది పాపం. ఆవిడకు అప్పటికే ఒక గొడుగుంది. అయితేనేం, ఒకటి పాడైతే ఇంకొకటి.

రెండుసార్లూ ఫోన్లు మోగాయి. ఈ రోజుల్లో ఫోన్లు మోగని నిమిషం ఉందా?

మార్చి 12, బుధవారం

ఈరోజు ఒక్క ఫోనూ మోగలేదు. హాయిగా ఉంది. సాయంత్రానికి కొంచెం విసుగొచ్చింది.

మార్చి 13, గురువారం

మా వసారాలో పదకొండు మందిమి కూర్చున్నాం. తిరపతమ్మ నియమాల గురించి సాగదీసి మాట్లాడింది కాబట్టి, రేపు ఎవరూ మాట మార్చకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను.

భద్రాచలం రాములవారి పెళ్లికి మేమిచ్చే తలంబ్రాల బియ్యానికి రోకలి తగలకూడదు, మిల్లు తగలకూడదు. గింజ గింజనూ గోటితో ఒలవాలి. విరిగితే నూక. నూక దేవుడికి పనికిరాదు. ఆ బియ్యాన్ని ఇత్తడి బిందెలో పోసి, గోదావరిలో స్నానం చేసి, తలమీద పెట్టుకుని గుడి మెట్లెక్కాలి. ఒడ్డు దాటాక బిందె నేలకు తగలకూడదు. మోసే మనిషికి చేతకాకపోతే తన చేత్తో ఇంకొకరి తలమీద పెట్టాలి. అలా ఎవరి తలమీదికి వెళ్తే ఇక ఏటేటా బిందె వాళ్లదే. పన్నెండేళ్ల కిందట మా అత్తగారు మెట్ల మధ్యలో ఆగి నా తలమీద అలాగే పెట్టింది. పక్కనే తిరపతమ్మ కూడా ఉంది. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు.

సరళ జట్టులో చేరి మూడేళ్లు. చేరిన కొత్తలో బిందె తోముదామని చెయ్యి వేసింది. "అది మా ఇంటివాళ్లే ముట్టుకుంటరమ్మా, ఆచారం" అన్నాను. నెమ్మదిగానే అన్నాను. అప్పటినుంచీ బిందె దగ్గరికొస్తే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. నాకు పట్టింపులేం లేవు. తండావాళ్లు మా ఇంట్లో కాఫీ తాగుతారు.

ఈ ఏడు వడ్లు బాగాలేవు. నా పళ్లెంలో నూకలు మరీ ఎక్కువ వచ్చాయి. అంతలో ఎవరిదో ఫోన్ మోగింది. పళ్లెం తిరపతమ్మ చేతిలో పెట్టి "తీస్కో, నీదే" అన్నాను. కాసేపటికి లెక్కపెడుతూ, "నా పళ్లెంలో ఇన్ని నూకలేందక్కా?" అంది. ఏమో మరి, ఆమె పళ్లెం సంగతి నాకేం తెలుసు?

మార్చి 14, శుక్రవారం

భుజానికేం కాలేదు. వంకరగా పడుకున్నాను, అంతే.

మార్చి 16, ఆదివారం

మనవరాలు లిఖిత ఖమ్మం నుంచి వచ్చింది. డిగ్రీలో సైకాలజీ చదువుతోంది. వచ్చిన దగ్గర్నుంచీ తలుపు చాటున నిలబడి ఫోన్ మోగిస్తోంది. మూడు సున్నుండలు, గిన్నెడు జంతికలు, టీవీ రిమోటు సంపాదించుకున్నాక కూర్చుని పాఠం చెప్పింది.

"నిజంగా నిద్రేం పోరంట అమ్మమ్మా. చెప్పేదంతా వినబడుతదంట. తర్వాత ఆ పని చెయ్యబుద్ధి అయితది. కొందరికి గంటలో పోతది, కొందరికి కొన్నాళ్లుంటది. అయితే అసలు మనసుకు ఇష్టంలేని పని ఎంత చెప్పినా చెయ్యరంటరు. ఎందుకు చేసినవని అడిగితే మాత్రం ఠక్కున ఏదో ఒక కారణం కల్పించి చెప్తరు. వాళ్లకది అబద్ధమని గూడ తెల్వదు."

"నేను కారణాలు కల్పించే మనిషినా?"

"నాకు సున్నుండలు ఎందుకిచ్చినవ్?"

"చిక్కిపోయినవ్ గనక."

"రూప్లా?"

"వాడూ చిక్కిపోయిండు."

"బోనకల్‌ల ఒక్కసారే గింతమంది చిక్కిపోయిండ్రా?"

పొయ్యి మీద పాలు పొంగేలా ఉన్నాయని లేచి వెళ్లాను. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయన్న సంగతి వంటింట్లోకి వెళ్లాక గుర్తొచ్చింది.

మార్చి 18, మంగళవారం

ఎవరో అనుమానపడ్డారని కాదు, నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను. గదిలో ఒక్కదాన్నే గ్లాసు పట్టుకుని నిలబడి, లిఖిత నేర్పినట్టు నా ఫోన్ నేనే మోగించుకున్నాను. ఏమీ కాలేదు. చూశారా? పక్కన ఎవరూ లేకపోతే ఎవరికిస్తాను అని మా వారంటారు. ఆయన మాటలు రాయడానికి కాదు ఈ డైరీ.

మధ్యాహ్నం గాజులు కడుగుతుంటే తిరపతమ్మ వచ్చింది. నా చేతిలో నాలుగు బంగారు గాజులు. ఆమె ఫోన్ మోగింది. మళ్లీ మోగింది. ఆమె ఎత్తడం లేదు, నా చేతిలోకి చూస్తోంది. నా వేళ్లు మాత్రం బిగుసుకుపోయాయి. సబ్బు వల్ల అయుండాలి.

"ఫోన్ మోగినట్టే లేదక్కా నీకు" అంది.

"నీ ఫోన్ మోత చిన్నగుంటది" అన్నాను.

మార్చి 20, గురువారం

వసారాలో స్తంభం పక్క పీట నాది. అక్కడ వెలుతురు బాగా పడుతుంది. పీట చేత్తో పట్టుకుని దుమ్ము దులుపుతుంటే ఫోన్ మోగింది. పక్కన సరళ ఉంది. "తీస్కో, నీదే" అన్నాను. కూర్చోనని పాపం చాలాసేపు మొహమాటపడింది. ఈ మధ్య ఎండ కళ్లలో పడి నాకు చికాకుగా ఉంటోంది, అందుకని ఇచ్చాను.

గోడవారకు, చీకటిగా ఉండే చోటికి మారాను. అందరూ లేచి వెళ్లారు. నేనూ వెళ్లాననుకుంది కాబోలు, సరళ నా పళ్లెం తీసుకుంది. నూకలు ఒక్కొక్కటీ ఏరి తన కొంగులో వేసుకుంది. తన పళ్లెంలోంచి మంచి గింజలు తీసి నా పళ్లెంలో పోసింది. చేతులు చకచకా ఆడుతున్నాయి. కొత్తగా చేసే పని కాదది.

మూడేళ్లుగా నేను ఊరంతా చెప్పుకుంటున్నాను, ఈ వయసులో కూడా నా పళ్లెంలో నూక ఉండదని. చాలాసార్లు ఆ పిల్ల ముందే చెప్పాను. "అవ్ పెద్దమ్మా" అనేది.

అరవాలనుకున్నాను. అది వెళ్లిందాకా గోడవారనే కూర్చున్నాను.

మార్చి 21, శుక్రవారం

సిగ్గుగా ఉంది. ఇంకేం రాయను.

మార్చి 23, ఆదివారం

మా వారు ఖమ్మం మిర్చి యార్డుకి వెళ్లారనుకుని, బిందెలో పది కేజీల బియ్యం పోసి ఎత్తి చూశాను. నడుము దాకా వచ్చింది. ఛాతీ దాకా వచ్చింది. భుజం దగ్గర కత్తి దిగినట్టయి బిందె చేతిలోంచి జారింది. బియ్యం వంటిల్లంతా చెదిరాయి. బిందెకు సొట్ట పడింది. తలెత్తి చూస్తే గుమ్మంలో ఆయన. వెళ్లనే లేదట. చీపురు తెచ్చి బియ్యం పోగుచేశారు. తర్వాత సొట్ట మీద మెల్లగా సుత్తితో కొడుతూ, "దవాఖానాకి పోదాం పద్మా" అన్నారు.

"భుజానికేమీ కాలేదు" అన్నాను.

"నేను భుజమని అనలేదే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

ఇక్కడ రాస్తే ఎవరు చూస్తారు గనక రాస్తున్నాను. ఎనిమిది నెలలుగా కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవడం లేదు. జడ ఎడమచేత్తోనే వేసుకుంటున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్తే బరువెత్తొద్దంటాడు. బిందె లేకపోతే ఈ ఊళ్లో నేనెవరిని? పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చోబెట్టేది నన్ను కాదు, ఆ బిందెను. నాకు భయంగా ఉంది.

మార్చి 27, గురువారం

తిరపతమ్మ మా ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. కుడిచెయ్యే పట్టుకుంది. ఆమెకు తెలిసిపోయిందని అప్పుడే నాకర్థమైంది.

"అక్కా, ఈ ఏడు నా తలకెత్తు. పన్నెండేండ్లు మోసినవ్, చాలదా?"

"సరళ బాగా ఒలుస్తది" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది.

తిరపతమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఒలిస్తే ఒలవనియ్. గింజలు తీసుకుంటున్నం గద. బిందె దాకా ఎందుకు? నువ్వే గద ఆ పిల్లను ముట్టుకోవద్దన్నది."

అవును. నేనే అన్నాను. ఈ మాట తిరపతమ్మ నోట విన్నాక ఎంత చెడ్డగా ఉందో తెలిసింది. నా నోట్లోంచి వచ్చినప్పుడు ఆచారంలా వినబడింది.

మార్చి 30, ఆదివారం, ఉగాది

లిఖిత పచ్చడి తింటూ ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఆరోజు మీటింగులో ఎవరో తీసిందట, మొత్తం ఉంది. నేను బ్యాగు సరళకివ్వడం, చప్పట్లు, అన్నీ. తర్వాత బసవపున్నయ్య నా దగ్గరికొచ్చి చిటికె వేసి, "పద్మావతమ్మ గారూ, ఇంతటితో అయిపోయింది. ఇక ఫోన్ మోగితే మీకు అది ఉత్త ఫోనే. నేను చెప్పిందేదీ మీ మీద పనిచేయదు" అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను కూడా.

"అంటే అమ్మమ్మా, ఆరోజే తీసేసిండు ఆయన" అంది లిఖిత. "మరి పచ్చడి జాడీ? సొరకాయ? నా సున్నుండలు?"

మూడు వారాలుగా నేను అనేదీ అదే కదా, ఇందులో హిప్నాటిజం లేదని. గెలిచాను. ఎగిరి గంతెయ్యాలి. కానీ పచ్చడి గిన్నె కింద పెట్టేశాను.

"ఆ వీడియో తీసేయ్" అన్నాను.

"ఎందుకు?"

"ఎవరికీ చూపించకు. తీసేయ్."

ఎందుకలా అన్నానో ఇప్పుడు ఆలోచించినా తెలియడం లేదు. వేపపువ్వు ఎక్కువ పడింది, నోరు చేదుగా ఉంది.

ఏప్రిల్ 1, మంగళవారం

జట్టులో అందరికీ చెప్పాను, ఈ ఏడు కూడా బిందె నేనే ఎత్తుకుంటానని. ఇంకో మాట కూడా చెప్పాను. ఆ ఖమ్మం ఆయన చేసిన పని నన్ను ఇంకా వదల్లేదని, ఫోన్ మోగితే నా ఒళ్లు నా స్వాధీనంలో ఉండదని, కాబట్టి నా వల్ల ఏం జరిగినా తప్పు పట్టుకోవద్దని. అందరూ అయ్యో అన్నారు. తిరపతమ్మ ఒక్కతే అనలేదు.

మూడు వారాలు కాదు కాదన్న మనిషిని ఈరోజు అవునంటున్నాను. మాట మార్చడం కాదిది. పెద్దవాళ్లు చెప్పిన మాట మీద గౌరవం.

ఏప్రిల్ 2, బుధవారం, భద్రాచలం

సాయంత్రానికి అద్దె బస్సులో వచ్చి సత్రంలో దిగాం. లిఖితకు పరీక్షలు, రాలేదు. రేపు ఉదయం సరిగ్గా తొమ్మిదింటికి నా ఫోన్‌కి ఒకసారి చెయ్యమని చెప్పాను. ఊరికే. క్షేమంగా ఉన్నామో లేదో కనుక్కోవాలి కదా. తొమ్మిదింటికి మేం మెట్ల మీద ఉంటాం.

"సరళ పక్కన ఉన్నప్పుడే చెయ్యాల్నా అమ్మమ్మా?" అంది.

ఈ కాలం పిల్లలకు నోరెక్కువ.

ఏప్రిల్ 3, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనిమిదింటికి గోదావరికి వెళ్లాం. తడిబట్టలతో నడవాలి కాబట్టి ఫోన్లు, కళ్లజోళ్లు, చెప్పులు అన్నీ ఒకే సంచిలో వేసి మా వారికిచ్చాం. ఆయన ఒడ్డున రావిచెట్టు నీడలో కూర్చున్నారు. స్నానం చేసి లేచాక ఇద్దరు పట్టి బిందె నా తలమీద పెట్టారు. ఎడమచెయ్యి ఆనించాను. కుడిచెయ్యి కొంగులో దాచుకున్నాను. నాకు కుడిపక్క తిరపతమ్మ, రెండు మెట్లు కింద సరళ. చేతులు వెనక్కి కట్టుకునే ఉంది.

మూడో మెట్టు మీద గుర్తొచ్చింది, నా ఫోన్ సంచిలో ఉందని.

ఇంత తెలివిగలదాన్ని, ఇన్ని ఏర్పాట్లు చేసుకున్నదాన్ని, ఫోన్ గోదారొడ్డున మొగుడి ఒళ్లో పెట్టి వచ్చాను! నాకు నవ్వొచ్చింది. బిందె ఊగింది. నవ్వు ఆగిపోయింది.

పదో మెట్టు దాటేసరికి మెడ లాగేస్తోంది. ఎడమచెయ్యి ఒక్కటీ ఎంతసేపు ఆపుతుంది? మెట్ల నిండా జనం. ఇంతమందిలో ఎవరిదైనా ఒక్క ఫోన్ మోగకపోతుందా అని చెవులు రిక్కించాను. ఎక్కడో మైకులో రామనామం తప్ప ఏమీ వినబడలేదు. బిందె ఒకపక్కకి ఒరిగింది. ఆగిపోయాను.

"అక్కా, పడిపోతవ్" అంది తిరపతమ్మ. రెండు చేతులూ చాచింది. "ఇటు పెట్టు. నేనున్న."

జట్టంతా ఆగి చూస్తోంది. నేల తగిలితే నాలుగు నెలల ఒలుపు వృథా. తిరపతమ్మ తలమీద పెడితే సరిపోతుంది. రేపటి నుంచి ఇంట్లో గొడవ ఉండదు. ఎవరూ ఏమీ అనరు.

"సరళా, ఇటు రా" అన్నాను. "చేతులు ముందుకు తియ్."

"నేనా పెద్దమ్మా?"

"నువ్వే. జల్దీ రా, పడేసేటట్టున్న."

వచ్చింది. తల వంచింది. ఎడమచేత్తో పట్టి, ఛాతీతో నెట్టి, ఎలాగో దాని తలమీద పెట్టాను. దాని చేతులు పైకి లేచి బిందెను పట్టుకున్నాయి.

"ఆగు!" అంది తిరపతమ్మ. "ఇది చెల్లదు. ఆమె తెలివిల లేదు. ఎక్కడో ఫోన్ మోగి ఉంటది. హిప్నాటిజం ఇంకా వదల్లేదని మొన్న ఆమెనే చెప్పలే?"

"అవ్ అవ్, చెప్పింది" అన్నారు వెనకనుంచి. సరళ బిందెతో అలాగే బిగుసుకుపోయింది. దించడానికి నేల పనికిరాదు, పైకెక్కడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు.

నేను తలూపితే చాలు. ముసలామెకు మాయ కమ్మింది పాపం అనేవాళ్లు. నా భుజం సంగతి ఎవరికీ తెలిసేది కాదు, నా నూకల సంగతీ తెలిసేది కాదు. కానీ మాయలో ఇచ్చింది చెల్లదు కదా. ఈ పిల్ల తలమీంచి బిందె లాక్కుంటారు. నా తెలివితక్కువ ఏర్పాటు నాకప్పుడు అర్థమైంది. ఫోన్ మోగి ఉంటే నేను దీనికి ఏమీ ఇచ్చినట్టే కాదు.

"ఏ ఫోనూ మోగలే" అన్నాను. గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే పై మెట్ల మీద వాళ్లు కూడా తిరిగి చూశారు. "హిప్నాటిజం ఆ రోజే వదిలిపోయింది. లిఖిత దగ్గర వీడియో ఉంది, చూసుకోండి. మొన్న నేను అబద్ధం చెప్పిన. నా కుడిభుజం పోయి ఎనిమిది నెలలైంది. నా పళ్లెంల నూకలు మూడేండ్ల సంది ఈ పిల్లనే ఏరుతున్నది. దీన్ని బిందె ముట్టుకోవద్దన్నది నేను, అది తప్పు. ఇప్పుడు పూర్తి తెలివితోని ఇస్తున్న. ఈ బిందె సరళది."

నా చెంపలు తడిగా ఉన్నాయి. అంతమంది ముందు ఏడవడం నాకు అలవాటు లేదు.

"ఎక్కవే" అన్నాను సరళతో. ఎక్కింది. ఒక్క గింజ ఒలకకుండా, గబగబా, ఎవరైనా మళ్లీ పిలుస్తారేమో అన్నట్టు ఎక్కింది. కాసేపటికి జట్టు దాని వెనక కదిలింది.

తిరపతమ్మ మిగిలింది. నావైపు చూడలేదు. కానీ వచ్చి నా కుడి మోచెయ్యి కింద తన చెయ్యి వేసి మెట్లెక్కించడం మొదలుపెట్టింది. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. కోపంగానే పట్టుకుంది. వదల్లేదు మాత్రం.

"ముందే చెప్పొద్దా అక్కా" అంది ఐదారు మెట్ల తర్వాత. "మందు రాసేదాన్ని గద."

ఆమె చెయ్యి మీద కాస్త బరువానించి ఎక్కాను.

తిరిగొచ్చాక మా వారు సంచి ఇస్తూ చెప్పారు. "తొమ్మిదింటికి నీ ఫోన్ మోగింది. నా చేతిలో సంచి ఉంది. పక్కన ఎవరూ లేరు గానీ, ఉంటే మొత్తం ఇచ్చేసేవాణ్ణి." పేపరు లేదు కాబట్టి మొహం పక్కకి తిప్పుకుని నవ్వారు. శనివారం ఖమ్మంలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. ఆయన నవ్వాపి నా వంక చూశారు.

ఇంకొకటి రాయాలి. పన్నెండేళ్లుగా ఆ గుడి ముందుకు వెళ్లాను. పన్నెండేళ్లూ రెండు చేతులూ బిందె మీదే ఉన్నాయి. అది దించి అప్పగించేసరికి వెనక జట్టులు తోసేవి. రాముడికి సరిగ్గా ఒక్కసారి కూడా దండం పెట్టలేదు. ఈరోజు సరళ బిందె అప్పగిస్తుంటే నేను పక్కన ఊరికే నిలబడ్డాను. చేతులు ఖాళీగా ఉన్నాయి. రెండూ కలిపి తలపైకి ఎత్తబోయాను. ఎడమది పైకి లేచింది, కుడిది సగంలో ఆగిపోయింది. కలిసినంత వరకే కలిపి, ఆ సగం దండమే పెట్టాను.